మార్కుల స్కీములో లేని జవాబు

మా ప్రశ్నపత్రాల్లో ప్రతి ప్రశ్నకీ కుడివైపున ఇప్పుడు మూడు గళ్లుంటున్నాయి. ఒకదాంట్లో మార్కులు. ఒకదాంట్లో ఆ ప్రశ్న ఏ కోర్సు అవుట్‌కమ్ కిందికొస్తుందో ఆ నంబరు. మూడోదాంట్లో ఎల్‌1 నుంచి ఎల్‌6 దాకా ఏదో ఒకటి. ఆ మూడో గడి బ్లూమ్‌ది. ఖమ్మం వైపు ఇంజినీరింగ్ పాఠాలు చెప్పుకుని బతికే నాలాంటి వాళ్లకి ఆ పేరు ఇంటిపేరంత అలవాటైపోయింది. 'బ్లూమ్స్ పెట్టారా మేడమ్?' అని అడుగుతారు, కూరలో ఉప్పు వేశారా అన్నట్టు.

ఆ బ్లూమ్ షికాగో విశ్వవిద్యాలయంలో పరీక్షల పని చూసిన మనిషి. 1948లో బోస్టన్‌లో కలిసిన కొందరు కాలేజీ ఎగ్జామినర్లు, ప్రశ్నల్ని ఒకరితో ఒకరు పంచుకోవాలంటే అందరికీ ఒక ఉమ్మడి భాష ఉండాలనుకున్నారు. 1956లో పుస్తకం వచ్చింది. అట్ట మీదున్న ఐదు పేర్లూ మగవాళ్లవే. నేర్చుకోవడంలో మూడు రంగాలున్నాయన్నారు వాళ్లు. ఆలోచన, మనసు, చెయ్యి. ఆలోచన మీద పుస్తకం అప్పుడే వచ్చింది. మనసు మీద 1964లో వచ్చింది. చేతిపని మీద ఆ బృందం పుస్తకమే రాయలేదు, తర్వాత వేరేవాళ్లు పూనుకున్నారు. 2001లో ఆండర్సన్, క్రాత్‌వోల్ ఆ మెట్లను సవరించి క్రియలుగా మార్చారు. గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, వాడటం, విశ్లేషించడం, విలువ కట్టడం, సృష్టించడం. మన దేశం 2014లో వాషింగ్టన్ అకార్డులో పూర్తి సభ్యురాలయ్యాక, ఎన్‌బీఏ గుర్తింపు కావాలంటే ఇదంతా తప్పనిసరి అయింది. 2018లో ఏఐసీటీఈ పరీక్షల సంస్కరణ అంటూ ఇదే మాట మళ్లీ చెప్పింది.

నేను దీన్ని వెక్కిరించేవాళ్లలో లేను. మేం చదువుకున్న రోజుల్లో 'బొమ్మ గీసి వివరించండి' అన్న ఒక్క వాక్యంతో నాలుగేళ్లూ గడిచిపోయాయి. పాత ప్రశ్నపత్రాలు అయిదు బట్టీ పడితే ఫస్టు క్లాసు. ఆ గోడకి ఎవరో ఒకరు కన్నం పెట్టాల్సిందే. కాకపోతే మా దగ్గర జరుగుతున్నది ఆలోచన మారడం కాదు, క్రియాపదం మారడం. మాకిచ్చిన పట్టికలో 'ఎవాల్యుయేట్' అన్నది ఎల్‌5. ఒక ఇంటిగ్రల్‌ని ఎవాల్యుయేట్ చెయ్యమంటే అది వట్టి లెక్క, అయినా ఎల్‌5 పడిపోతుంది. 'డిజైన్' అంటే ఎల్‌6, సృష్టి! ఐఎస్ 456 కోడు పక్కన పెట్టుకుని, అందులో ఉన్న వరస ప్రకారం ఒక దూలానికి ఎంత ఇనుము పట్టాలో తేల్చడంలో సృష్టి ఏముంది? వంటపుస్తకం చూసి పులిహోర కలిపినట్టే.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. నిజంగా ఎల్‌5 ప్రశ్న, అంటే నీ తీర్పు ఏమిటో చెప్పు అనే ప్రశ్న, ఇచ్చినప్పుడు మా క్లాసులో అమ్మాయిల మార్కులు తగ్గాయి. స్టాఫ్‌రూములో దానికి జవాబు సిద్ధంగా ఉంది. 'ఆడపిల్లలు బట్టీ బాగా పడతారండీ, అనలిటికల్ ఉండదు.' ఇది చెప్పినవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు.

1986లో మేరీ బెలెంకీ, మరో ముగ్గురు స్త్రీలు కలిసి 135 మంది ఆడవాళ్లతో మాట్లాడి ఒక పుస్తకం రాశారు, 'విమెన్స్ వేస్ ఆఫ్ నోయింగ్' అని. పైవాళ్లు చెప్పింది అందుకుని ఉన్నదున్నట్టు ఒప్పజెప్పడం అనే దశ గురించి అందులో ఉంది. చదువుతుంటే మా రెండో బెంచీ కళ్లముందు కనపడింది. మా కల్లూరు నుంచీ, పెనుబల్లి వైపు తండాల నుంచీ బస్సు దిగి వచ్చే పిల్లలు వీళ్లు. ఇంట్లో ఏదన్నా అభిప్రాయం చెబితే 'నిన్నెవరడిగారు?' అన్న మాట విని పెరిగినవాళ్లు. విలువ కట్టడం వాళ్లకి చేతకాక కాదు. సంతలో మిరపకాయ చూసి తాలెంతో మేలెంతో చెప్పగలరు. కానీ అది కాగితం మీద, ఇంగ్లీషులో, మార్కులిచ్చే మనిషికి చెప్పాలంటే ముందు అనుమతి కావాలి. ఆ అనుమతికి పట్టికలో ఎల్ నంబరు లేదు. బట్టీ వాళ్లకి భద్రత. ఒక సబ్జెక్టు పోయిందంటే ఇంట్లో పెళ్లిమాట మొదలవుతుంది మరి.

ల్యాబు చూడండి. ఐదుగురి బ్యాచి. వాల్వు తిప్పేది అబ్బాయి, స్టాప్‌వాచి పట్టుకునేది అబ్బాయి, రీడింగులు రాసుకునేది అమ్మాయి. 'దాని చేతిరాత బాగుంటుంది మేడమ్.' రికార్డులో అందరికీ ఒకే అవుట్‌కమ్, ఒకే శాతం. ఎవరి చెయ్యి తడిసిందో ఎక్సెల్ షీటుకి అక్కర్లేదు. ఇప్పుడు మా ల్యాబులో వారం వారం పనులు మారతాయి. మొదట్లో గొణిగినవాళ్లూ అలవాటు పడ్డారు.

ఇక నేను చెప్పాలనుకున్న ప్రశ్న సంగతి. నేను హైడ్రాలిక్స్ చెబుతాను. తూము మీద నీటి ఎత్తు నాలుగో వంతుకు పడిపోతే ప్రవాహం సగానికి పడిపోతుంది, వర్గమూలం లెక్క. పుస్తకంలో అది ఒక ట్యాంకు బొమ్మ. కల్లూరు పిల్లలకి మాత్రం అది సాగర్ ఎడమ కాలువ. పైవాళ్లు తూము మూయకపోతే చివరి మడికి ఏమవుతుందో, లష్కరు కోసం గట్టు మీద ఎంతసేపు ఎదురుచూడాలో చిన్నప్పుడే చూసినవాళ్లు. అందుకని ఒక సెమిస్టరులో ఇలా ఇచ్చాను. ఒక పిల్లకాలువ, మూడు తూములు, వారబందీ షెడ్యూలు. చివరి తూముకి వంతు రాత్రి 11 నుంచి తెల్లవారుజాము 4 దాకా. అందే నీరు లెక్కగట్టి, ఈ షెడ్యూలు సరిపోతుందో లేదో తీర్పు చెప్పండి. పది మార్కులు, ఎల్‌5. స్కీములో లెక్కకి నాలుగు, పోలికకి మూడు, 'సరిపోతుంది' అన్న ముగింపుకి మూడు.

తండా నుంచి వచ్చే ఒక పిల్ల లెక్క అంతా సరిగ్గా చేసి, నీరు చాలినంత వస్తుందని తేల్చి, కింద రాసింది: షెడ్యూలు సరిపోదు. ఎందుకంటే ఆ పొలం ఒంటరి ఆడమనిషిదైతే రాత్రి పదకొండుకి గట్టు మీదికి పోలేదు. మడవ తిప్పడానికి మగకూలీని పెట్టుకుంటే వాడికి డబ్బివ్వాలి. పెట్టుకోకపోతే ఆ నీళ్లు పక్క మడిలోకి పోతాయి. కాబట్టి కాగితం మీద నీళ్లు ఉన్నాయి గానీ పొలంలో లేవు.

నేను పదికి పదీ వేశాను. రెండో వాల్యుయేషన్‌లో ఏడొచ్చింది. 'ఇది సోషియాలజీ అండీ, హైడ్రాలిక్స్ కాదు' అన్నారు. అప్పటి పన్నెండు ప్రోగ్రాం అవుట్‌కమ్స్‌లో ఆరోది 'ఇంజినీరూ సమాజమూ' అని, దాన్ని మా కోర్సు ఫైల్లో మనమే ఈ పేపరుకి కలిపామని చూపించాను. 'అది కలపడం వరకేనండీ' అన్నారాయన, నిజాయితీగానే. స్కీములో లేని కారణానికి మార్కు వేస్తే రేపు ఒక్కొక్కరూ ఒక్కో కథ రాస్తారని ఆయన భయం. అది పూర్తిగా కొట్టిపారేసే భయం కాదు. అందరికీ ఒకే కొలత ఉండాలనేది పరీక్ష రాసేవాళ్ల హక్కు కూడా. అయితే మరి ఎల్‌5 అని ఎందుకు రాశాం? తీర్పు అడిగి, తీర్పు మనమే ముందుగా రాసిపెట్టుకుంటే అది ఎల్‌1 కాదా?

నీటి వ్యవహారంలో ఈ ఖాళీ కొత్తది కాదు. 1997లో ఉమ్మడి రాష్ట్రంలో రైతుల సాగునీటి యాజమాన్య చట్టం వచ్చి నీటి సంఘాలు పెట్టినప్పుడు, భూమి రికార్డుల్లో పేరున్నవాళ్లకే ఓటు హక్కు. నాట్లేసి, కలుపు తీసి, మడిలో రోజంతా నిలబడే ఆడవాళ్లలో ఎంతమంది పేర్లు పట్టా మీదున్నాయి? ఆ షెడ్యూళ్లు వేసే ఇంజినీర్లు మాలాంటి క్లాసుల్లోంచే వెళ్లారు.

ఆ పిల్లకి చివరికి ఎనిమిదిన్నర మిగిలింది. తను వచ్చి అడగలేదు, నేనే పిలిచి చెప్పాను. 'ఇంకోసారి రాయనులే మేడమ్' అంది. రాయమనే చెప్పాను.

మరుసటి సెమిస్టరుకి ప్రశ్న మార్చాను. 'ఈ షెడ్యూలు ఎవరికి సరిపోతుంది, ఎవరికి సరిపోదు? ఏ కొలతతో చెబుతున్నారో ముందు రాయండి.' స్కీములో ముగింపు అవునా కాదా అన్నదానికి మార్కులు తీసేసి, ఎంచుకున్న కొలతకి రెండు, దానికి లెక్కతో ఆధారం చూపినందుకు నాలుగు పెట్టాను. బోర్డు సమావేశంలో చాలాసేపు నడిచింది. చివరికి ఒక్క సెమిస్టరు చూద్దామన్నారు.

జవాబులు రకరకాలుగా వచ్చాయి. సగంమంది పాత గైడు ధోరణిలోనే నింపారు. ఒకమ్మాయి చివరి తూముకి పగటి వంతు ఇస్తే ఎండకి ఆవిరయ్యే నీరెంతో వేసి, అయినా అదే నయమంది. సత్తుపల్లి నుంచి వచ్చే ఒక అబ్బాయి, కౌలురైతు పేరు ఏ రికార్డులోనూ ఉండదు కాబట్టి లష్కరు అతని మాట వినడని రాశాడు. అది నా స్కీములోనూ లేదు. ఎర్రపెన్ను పట్టుకుని ఆ పేజీ దగ్గర కాసేపు ఆగి, పక్కన కొత్త వరుస ఒకటి రాసి, రెండో వాల్యుయేటర్‌కి కూడా కనపడేలా కవరు మీద గుచ్చాను.