మీంఢోలా గట్టున కంకర బాట

వేకువజామున డుమస్ తీరానికి చేరినవారికి ఒక్కొక్కనాడు సముద్రమే కనిపించదు. ఖంభాత్ సింధుశాఖకు చేరువలోని ఈ తీరాన ఆటుపోట్ల తేడా మీటర్ల లెక్కన ఉంటుంది. ఆటు వేళ అలలు దూరంగా జరిగిపోతాయి, నల్లని తడి ఇసుక మాత్రం మిగులుతుంది. ఆ నలుపు చుట్టూ అల్లుకున్న దయ్యాల కథలు దేశమంతటా వ్యాపించాయి. చీకటి పడ్డాక డుమస్‌లో ఉండరాదని హెచ్చరించేవారు సూరత్ నగరంలో ఎందరో ఉన్నారు. ఆ హెచ్చరించేవారే ఆదివారం సాయంత్రం ఇక్కడికి వస్తారు. కారపు పచ్చడి దట్టించి, సెనగపిండిలో ముంచి వేయించిన టొమాటో బజ్జీలు తిని, బాగా పొద్దుపోయాక గాని ఇళ్ళకు మరలరు.

డుమస్‌కు ఇరువైపులా రెండు నదులు సముద్రాన్ని చేరుతాయి. ఉత్తరాన తాపీ. మహాభారతం ఆదిపర్వంలో సూర్యపుత్రికగా, సంవరణుని భార్యగా తెలుగు పాఠకులు ఎరిగిన తపతి ఈ నదే. మధ్యప్రదేశ్‌లోని ముల్తాయి వద్ద పుట్టి, 724 కిలోమీటర్లు ప్రవహించి వస్తుంది. దక్షిణాన మీంఢోలా. దీని పొడవు నూరు కిలోమీటర్లకు కాస్త మించుతుంది, అంతే. పురాణాలలో తపతికున్న ఖ్యాతి దీనికి లేదు. పటంలో సన్నని గీత. సోన్‌గఢ్ కొండల చెంత దోస్‌వాడా ప్రాంతంలో పుట్టి, వ్యారా, బార్డోలీల మీదుగా వచ్చి, డుమస్ పక్కన ఉప్పునీటిలో కలుస్తుంది. ఉదయాన దాని ముఖం వద్ద బయలుదేరి సాయంత్రానికి పుట్టుక వద్దకు చేరడం దృఢకాయుడైన సైకిలిస్టుకు సాధ్యమే. దారి సుమారు 120 కిలోమీటర్లు.

అయితే ఆ సైకిలు వేరు. పందెపు సైకిలు వలె వంపు తిరిగిన హాండిల్, తేలికైన చట్రం ఉన్నా, చక్రాలకు 40 మిల్లీమీటర్లో అంతకు మించో వెడల్పైన టైర్లు ఉంటాయి. వాటిలో గాలిని తక్కువగా నింపుతారు. మెత్తబడిన టైరు రాయిని ఎగరగొట్టదు, కరచుకొని సాగుతుంది. పాశ్చాత్యులు దీనిని గ్రావెల్ బైక్ అన్నారు. అమెరికాలోని కాన్సాస్ కంకర దారులలో 2006లో మొదలైన పందెం దీనికి ప్రపంచఖ్యాతి తెచ్చింది. పాల బిందెలు కట్టుకొని మొరం బాటల మీద దశాబ్దాలుగా తిరిగిన మన పల్లెటూరి పాలవానికి ఇందులో వింత ఏమున్నదో అర్థం కాకపోవచ్చు. వింతల్లా గేర్లలోను, ధరలోను ఉన్నది.

మొదటి 30 కిలోమీటర్లు కంటికి ఇంపైనవి కావు. విమానాశ్రయం, కొత్త భవంతులు దాటగానే సూరత్ నగరపు దక్షిణపు అంచున రంగుల అద్దకపు మిల్లులు, మరమగ్గాల షెడ్లు వస్తాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి రూపొందించిన కలుషిత నదుల జాబితాలో, సచిన్ పారిశ్రామికవాడ సమీపాన మీంఢోలా పేరు కూడా చేరింది. ఇటు ఉధ్‌నా, లింబాయత్ వాడలలో తెలంగాణ జిల్లాల నుండి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా స్థిరపడి ఉన్నాయి. నగరపాలక సంస్థ పాఠశాలల్లో తెలుగు మాధ్యమంవి సైతం ఉన్నాయి. సొంత ఊళ్ళో చేమగ్గం కూడు పెట్టలేక పోయినపుడు, తపతి ఒడ్డున మరమగ్గం వారికి కూడు పెట్టింది.

పల్సాణా వద్ద ముంబయి రహదారిని దాటిన తర్వాత గాని కంకర బాట దొరకదు. కాక్రాపార్ ఆనకట్ట ఎడమ కాలువ, దాని ఉపకాలువల గట్లే ఇక్కడి అసలైన బాటలు. ఈ ఆనకట్టను తాపీపై 1950 దశకం తొలినాళ్ళలో నిర్మించారు. కాలువ మనుషుల కోసం గట్టు వేసి, జీపు పోయేంత వెడల్పు ఉంచి, పైన మొరం పరచినారు. ఒకప్రక్క నీరు, మరొకప్రక్క తలను మించిన చెరకు. లారీలు లేవు, హారన్లు లేవు. వానాకాలంలో మాత్రం ఇటు రాకుండుటే మేలు. ఇది నల్లరేగడి. రెండు జల్లులు పడితే చాలు, మట్టి చక్రానికి చుట్టుకొని, బ్రేకుల సందున బిగుసుకొని, సైకిలును మనిషి చేత మోయిస్తుంది. వేసవిలో తుమ్మముళ్ళ బెడద. అనుభవజ్ఞులు ట్యూబు తీసివేసి, టైరులోనే రంధ్రం పూడ్చే ద్రవం పోసి బయలుదేరుతారు.

మీంఢోలా ఒడ్డునే బార్డోలీ ఉన్నది. 1928లో శిస్తును 22 శాతం పెంచినందుకు ఈ తాలూకా రైతులు పన్ను కట్టమన్నారు. భూములు జప్తు అయినా లొంగలేదు. వల్లభ్‌భాయి పటేల్‌కు సర్దార్ అన్న పేరు స్థిరపడింది ఈ పోరాటంలోనే. జప్తు చేసిన భూములు తిరిగివచ్చాయి. కాలువనీరు వచ్చాక ఆ నేలలో చెరకు విరగపండింది, సహకార చక్కెర మిల్లు వెలసింది. శీతకాలంలో ఈ గట్ల పక్కన టార్పాలిన్ గుడిసెలు కనిపిస్తాయి. డాంగ్ కొండల నుండి, ఖాందేశ్ నుండి చెరకు నరకడానికి వచ్చిన కూలీల కుటుంబాలవి. సైకిలిస్టు గంట మోగితే గుడిసెల పిల్లలు పరుగున వచ్చి గట్టెక్కి నిలబడతారు. బడి గంట మోగే ఊరికి వారు దూరంగా ఉన్నారు.

వాలోడ్ తాలూకాలోని వేడ్‌ఛీలో గాంధేయుడు జుగత్‌రామ్ దవే ఆదివాసుల నడుమ జీవితాన్ని గడిపిన ఆశ్రమం ఉన్నది. అక్కడ నీళ్ళు త్రాగి ముందుకు సాగితే నేల మెల్లమెల్లగా లేస్తుంది, టేకు మొదలవుతుంది. గామీత్, చౌధరీ తెగల ఊళ్ళు, వెదురు దడులు, ఎర్ర పెంకుల ఇళ్ళు. నది ఇక్కడ ఇరుకై, బండలపై పారుతుంది. దానిని చప్టాల మీదుగా దాటవలసి ఉంటుంది. చక్రాలు మునిగేంత నీటిలో చప్టా దాటడం సైకిలిస్టుకు ఉల్లాసం. ఊరివారి సంగతి అది కాదు. వరద వస్తే చప్టా మునుగుతుంది, ఆవలి ఊళ్ళకు చుట్టుదారే గతి. మాయ్‌పూర్, దేగామా గ్రామాల మధ్య మీంఢోలాపై కట్టిన కొత్త వంతెన, ప్రారంభోత్సవం జరగకముందే, 2023 జూన్‌లో కూలిపోయింది.

వ్యారా దాటాక ఎత్తులు, పల్లాలు. ఏ ఎత్తూ పెద్దది కాదు, కాని ఒకదాని వెనుక మరొకటి వచ్చి మోకాళ్ళ బలాన్ని లెక్కగడతాయి. నది మొదలైన దోస్‌వాడా వద్ద గాయక్వాడుల కాలపు జలాశయం ఉన్నది. చిన్నది, నిశ్చలమైనది. సోన్‌గఢ్ కొండపై, 18వ శతాబ్ది తొలి భాగంలో పిలాజీరావు గాయక్వాడ్ కట్టించిన కోట శిథిలమై నిలిచి ఉన్నది. బడోదా రాజ్యానికి అంకురం ఇక్కడే. సైకిలును క్రింద ఉంచి, మెట్లెక్కి పైకి చేరితే ఈశాన్యాన కొండల నడుమ విశాలమైన నీలి జలరాశి కానవస్తుంది. అది తాపీ, ఉకాయి ఆనకట్ట ఆపిన తాపీ.

1972లో పూర్తయిన ఆ ఆనకట్ట పొడవు దాదాపు 5 కిలోమీటర్లు. దాని కింద 300 మెగావాట్ల జలవిద్యుత్కేంద్రం, దిగువన కాక్రాపార్ అణు విద్యుత్కేంద్రం, సూరత్ నగరపు దాహం, బార్డోలీ చెరకు, అన్నీ ఆ నీటిపైనే ఆధారపడి ఉన్నాయి. జలాశయానికి సర్దార్ పేరిట వల్లభ్ సాగర్ అని పేరు పెట్టారు. భూమిని నిలుపుకొన్న రైతుల నాయకుని పేరు గల ఆ నీటి క్రింద, గుజరాత్, మహారాష్ట్రలకు చెందిన సుమారు 170 గ్రామాల భూములు, పూర్తిగానో కొంతగానో, మునిగి ఉన్నాయి. అందులో అత్యధికం ఆదివాసులవి. మునిగిన ఊళ్ళవారిలో కొందరు ఆ నీటిలోనే వల వేసి బ్రతకసాగారు. వేసవిలో నీరు వెనుకకు తగ్గినపుడు బయటపడిన ఒండ్రునేలలో పంట వేసేవారు మరికొందరు.

నీరు దిగువవారిని కూడా ఒకసారి పలకరించింది. 2006 ఆగస్టులో ఎగువన కుండపోతగా వానలు కురిసి జలాశయం నిండుకున్నపుడు, ఉకాయి నుండి సుమారు 9 లక్షల క్యూసెక్కుల నీటిని వదలవలసి వచ్చింది. సూరత్ నగరంలో అధికభాగం రోజుల తరబడి మునిగింది. గేట్లను ముందే, కొంచెం కొంచెంగా తెరిచి ఉండవలసినదన్న వాదం నాటి నుండి నేటి దాకా ఆగలేదు. వానలకు ముందు జలాశయాన్ని ఖాళీగా ఉంచితే వరదకు చోటు, నిండుగా ఉంచితే వేసవికి పంట. రెండూ కోరే నగరం, పొలం ఒకే నది మీద ఉన్నాయి.

ఆనకట్ట మీదికి సైకిళ్ళకు ప్రవేశం ఉంటుందని నమ్ముకొని రాకూడదు. జలాశయపు అంచున అడవి బాటలు చాలు. సాయంకాలం పడవలు ఒడ్డుకు వస్తాయి. పడుగుపేకల వలె ఆరవేసిన వలల మధ్య చేపలను తూచి, గంపలకెత్తుతారు. తిరుగు ప్రయాణానికి ఉకాయి సోన్‌గఢ్ స్టేషన్ ఉన్నది. భుసావల్ నుండి సూరత్ వచ్చే రైలు మార్గం అది. కంకర ధూళితో తెల్లబారిన సైకిలును ప్లాట్‌ఫారంపై ఆనించి, యాత్రికుడు బెంచీపై కూర్చొని బూట్లు విప్పుకొంటాడు. ఒక బూటులో నుండి డుమస్ నల్ల ఇసుక రాలుతుంది.