రాముడికి రాసిన పద్దు

కాస్త ఇటు జరిగి కూర్చోండి, చలిగా ఉంది. ఇలాంటి రాత్రుళ్ళు నలుగురం చేరితే మాట ఎక్కడ మొదలైనా చివరికి కష్టాల దగ్గరికే వస్తుంది. ఒకరికి ఉద్యోగం పోయిందంటారు, ఇంకొకరింట్లో జబ్బు, మరొకరికి పిల్ల పెళ్ళికి చేసిన అప్పు. అంతా విన్నాక ఎవరో ఒకరు నిట్టూర్చి "దేవుడున్నాడులెండి" అంటారు. ఆ మాటతో నాకో పేచీ ఉంది. కష్టపడుతున్న మనిషే ఆ మాట అంటే లేచి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. పక్కవాళ్ళు అంటే మాత్రం "ఇక నేను బయల్దేరతాను" అన్నట్టు వినపడుతుంది. చేబదులు అడుగుతారేమోనని అనుమానం వచ్చినప్పుడు మనకు దేవుడు మరీ తొందరగా గుర్తొస్తాడు. అవునా, కాదా?

ఇంకో పేచీ కూడా ఉంది. దేవుణ్ణి నమ్మినవాళ్ళు నోరెత్తకూడదట. ఏం జరిగినా అంతా మన మంచికే అనుకోవాలట, ఒక్క మాట గొణిగినా భక్తి తక్కువైనట్టేనట. ఈ నియమం ఎవరు పెట్టారో గానీ, భద్రాచలం రామదాసుకు చెప్పడం మాత్రం మరిచిపోయారు.

కథ మీకు తెలిసిందే, అయినా నా నోట ఒకసారి వినండి. రామదాసు అసలు పేరు కంచర్ల గోపన్న, ఖమ్మం దగ్గర నేలకొండపల్లిలో పుట్టాడు. గోల్కొండ కొలువులో చక్రం తిప్పిన అక్కన్న, మాదన్నలు ఆయనకు మేనమామలు. ఆ అండతో పాల్వంచ పరగణాకు తహసీల్దారయ్యాడు. గోదావరి ఒడ్డున గుట్ట మీద రాముడికి సరైన నీడ లేదని గుడి కట్టించాడు, నగలు చేయించాడు. ఖర్చు పెట్టింది సర్కారు శిస్తు. గోల్కొండ సుల్తాను తానీషా ఊరుకుంటాడా? తీసుకెళ్ళి ఖైదులో పెట్టించాడు. పన్నెండేళ్ళని జనం చెప్పుకుంటారు. ఇక్కడ తానీషాను నేను పెద్దగా తప్పుపట్టను సుమండీ. ఇవాళ మన మండలంలో తహసీల్దారు వసూలు చేసిన సొమ్ము గుడికి పెట్టేశానంటే మనమే ముందు అర్జీ రాస్తాం.

గోల్కొండ కోటకు వెళితే రామదాసు బందీఖానా ఇదేనని చూపిస్తారు. లోపల వెలుతురు తక్కువ. గోడ మీద సీతారామలక్ష్మణులు, హనుమంతుడు ఉంటారు. ఖైదులో ఉండగా ఆయనే చెక్కాడంటారు. కోట మెట్లెక్కి చెమటలు కక్కుకుంటూ వచ్చినవాళ్ళు ఫొటో తీసుకుని వెళ్ళిపోతుంటారు. నాకైతే అక్కడ కాసేపు నిలబడాలనిపిస్తుంది. ఆ మసకలో కూర్చున్న తహసీల్దారు లెక్కలు మరిచిపోలేదు మరి!

ఆయన కీర్తన ఒకటుంది, చిన్నప్పటినుంచి మనందరం విన్నదే. అందులో రాముడి ముందు పద్దు విప్పుతాడు. భరతుడికి పచ్చల పతకం చేయించాను, దానికి పదివేల వరహాలు పట్టాయి. శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు. సీతమ్మకు చింతాకు పతకం. నీకు కలికితురాయి. అది పెట్టుకుని ఊరేగుతున్నావే, ఇది ఎవరి సొమ్మనుకున్నావు, మీ నాన్న పంపాడా, మీ మామ పంపాడా అని నిలదీస్తాడు. దశరథుణ్ణీ జనకుణ్ణీ కూడా వదల్లేదు! అంతా అనేశాక కాస్త తగ్గుతాడు. దెబ్బలకు ఓర్చుకోలేక తిట్టాను, కోపం తెచ్చుకోకు అని బతిమాలతాడు. ఇంకో కీర్తనలో దారి మార్చి సీతమ్మ దగ్గర సిఫార్సు పెడతాడు. మీ ఆయన తీరికగా ఉన్నప్పుడు నా సంగతి కాస్త చెవిన వేయమ్మా అని. నాన్న దగ్గర పని జరక్కపోతే వంటింట్లోకి వెళ్ళి అమ్మ కొంగు పట్టుకునే పిల్లాడి పద్ధతే ఇది.

నమ్మకం సన్నగిల్లినవాడు ఇలా తిట్టడు. మొహం తిప్పుకుని ఊరుకుంటాడు. ఇంతలేసి మాటలనాలంటే, ఎదుటివాడు గోడ అవతలే కూర్చుని వింటున్నాడని గట్టిగా తెలిసి ఉండాలి. మనింట్లో మాత్రం? బస్సులో కాలు తొక్కినవాడితో నిమిషం గొడవపడి మరిచిపోతాం. ఏళ్ళ తరబడి పోట్లాడేది సొంతవాళ్ళతోనే.

తర్వాతి సంగతే నాకు మరీ ఇష్టం. రామోజీ, లక్ష్మోజీ అనే ఇద్దరు నౌకర్లు రాత్రివేళ తానీషా పడగ్గదిలోకి వచ్చి ఆరు లక్షల మొహరీలు కుప్పపోశారట. ఊరికే ఇచ్చి పోలేదు, పక్కాగా రసీదు రాయించుకున్నారు. వాళ్ళు మారువేషంలో వచ్చిన రామలక్ష్మణులేనంటారు. చరిత్రకారులు దీనికి ఆధారం అడుగుతారు. అడగనివ్వండి, అది వాళ్ళ పని. నేను అడిగేది వేరు. అన్నేళ్ళు పిలిచినవాడికి కనపడకుండా, ఖైదు చేసినవాడికి కనపడటమేమిటి? రామదాసు చేతికొచ్చింది రసీదు ఒక్కటే. ఆ తెల్లవారి విడుదలైనందుకు సంతోషించాలా, దర్శనం తనకు కాకుండా తానీషాకు అయినందుకు ఏడవాలా తెలియక కొట్టుమిట్టాడాడట. కోరిన పని జరిగింది, కోరిన తీరున జరగలేదు. ఈ కథ కల్పించినవాళ్ళెవరో కష్టం బాగా తెలిసినవాళ్ళే అయివుండాలి.

తానీషా పంపాడని చెప్పే ముత్యాల తలంబ్రాలు ఇప్పటికీ శ్రీరామనవమి నాటి సీతారాముల కల్యాణానికి సర్కారు తరఫున భద్రాచలం వెళ్తాయి. కరోనా ఏడు, 2020లో, భక్తులెవరూ లేకుండానే ఆ కల్యాణం జరిగింది. మనమంతా టీవీల ముందు కూర్చుని చూశాం. పాపం తానీషా సంగతీ చెప్పాలి. 1687లో ఔరంగజేబు గోల్కొండ పట్టుకుని ఆయన్ను దౌలతాబాదు కోటలో పెట్టించాడు. ప్రాణం పోయిందీ ఆ ఖైదులోనే. ఆయనకు రసీదు తెచ్చే నౌకర్లు ఎవరూ రాలేదు. ఎందుకని నన్నడక్కండి.

దేవుడి ముందు నోరెత్తినవాడు రామదాసు ఒక్కడే కాదు. బమ్మెర పోతన భాగవతంలో మొసలికి చిక్కిన ఏనుగు గజేంద్రుడూ మర్యాదస్తుడేం కాదు. ఒంట్లో సత్తువ ఉన్నంతసేపూ మొసలితో తనే పెనుగులాడాడు. అది ఉడిగాక పిలిచాడు, పిలుస్తూ మధ్యలో అసలు ఆయన ఉన్నాడా అని సందేహపడ్డాడు కూడా. అలా సందేహపడ్డ ఏనుగు కోసమే విష్ణుమూర్తి శంఖచక్రాలైనా అందుకోకుండా, పట్టుకున్న లక్ష్మీదేవి కొంగైనా వదలకుండా పరుగెత్తాడు. ఆయుధం లేకుండా వెళ్ళి ఏం చేస్తాడయ్యా అని పోతనకు బావ అని చెప్పుకునే కవి శ్రీనాథుడు వెక్కిరించాడని ఓ కట్టుకథ ఉంది. పోతన నూతిలో రాయి వేయించి, శ్రీనాథుడి బిడ్డ పడిపోయిందని కేక పెట్టించాడట. తింటున్న అన్నం వదిలి పరుగెత్తిన శ్రీనాథుణ్ణి చూసి, తాడేది బావా, నిచ్చెనేది అన్నాడట.

అయితే భద్రాచలంలో రాముడి పాదాల దగ్గరున్నవాళ్ళు తాడూ నిచ్చెనా మరిచిపోరు. అక్కడ గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71.3 అడుగుల దాకా వచ్చింది. 1986లోనైతే 75.6. ఆ పెద్ద వరద చూశాకే పట్టణానికి కరకట్ట వచ్చింది. 2022లో వంతెన మీద రాకపోకలు ఆపేశారు, వేలమంది మూటాముల్లె సర్దుకుని పునరావాస కేంద్రాలకు చేరారు. గుట్ట మీద రాముడున్నాడు కదా, మనకేమిటని పడుకోలేదు. రామయ్యను తలుచుకుంటూనే, ఇప్పుడెన్ని అడుగులని గంటగంటకూ కనుక్కుంటూ గడిపారు.

సరే, నేనే మాట్లాడేస్తున్నాను. దేవుడితో మీకున్న పోట్లాట ఏమిటో చెప్పండి. వింటాను. కానీ పద్దు మాత్రం రామదాసులా ఖచ్చితంగా ఉండాలి, ఏ నగకు ఎన్ని వరహాలో, ఎవరికి పెట్టారో అంతా కావాలి. మధ్యలో "దేవుడున్నాడులెండి" అని మాత్రం లేచిపోను.