తప్పు కాలిదా... కారుదా?

గేర్ల కారు నడిరోడ్డు మీద ఒక్క క్షణం తటపటాయిస్తే చాలు, చుట్టూ ఉన్నవాళ్లు బానెట్ వైపు చూడరు. డ్రైవరు వైపు చూస్తారు. ‘క్లచ్ సరిగ్గా వదల్లేదు’, ‘గేరు తప్పు వేశారు’, ‘ఇంకా చెయ్యి తిరిగినట్టు లేదు’... తీర్పులు వరసగా వచ్చి పడతాయి. స్టీరింగు వెనక ఉన్నది ఆడమనిషి అయితే ఇక విచారణ కూడా అక్కర్లేదు. ఆటోమేటిక్ కార్లు నడిపేవాళ్లకు ఈ బాధ తక్కువ. క్లచ్ పెడలే ఉండదు కాబట్టి అనుమానం నేరుగా ఇంజన్ మీదకే పోతుంది. మన గేర్ల బండిలో మాత్రం ముందు ముద్దాయి ఎడమకాలే!

2019 వానాకాలంలో ఆ బోను నేనూ ఎక్కాను. అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది. వారానికి మూడురోజులు యూసుఫ్‌గూడ నుంచి జూబ్లీహిల్స్‌లోని ఫిజియోథెరపీకి తీసుకెళ్లాలి. అందుకోసమే దాచుకున్న డబ్బుతో సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాం. 2009 మోడల్, నాలుగు సిలిండర్ల పెట్రోలు బండి. అప్పటికి అరవై రెండు వేల కిలోమీటర్లు తిరిగింది. మూడు నెలలు కిక్కురుమనలేదు. జులైలో మొదలైంది అసలు కథ. కృష్ణానగర్ దాటి చెక్‌పోస్టు వైపు ఎత్తు ఎక్కుతుంటే యాక్సిలరేటర్ తొక్కినా బండి అందుకోదు. ఒకటి రెండు క్షణాలు ఊపిరి బిగబట్టినట్టు ఆగుతుంది. తర్వాత ఒక్క కుదుపుతో ముందుకు దూకుతుంది. ఆ రెండు క్షణాల్లోనే వెనక బస్సు హారను చెవుల్లో మోగుతుంది. ఆ ఎత్తులో, ఆ రద్దీలో రెండు క్షణాలంటే మాటలు కాదు.

నాలుగోసారి అలా జరిగాక అమ్మ అంది... ‘‘నాకేం భయం లేదే. ఆటో అయితే ఎక్కి దిగడం సుఖం’’ అని. కొత్త మోకాలితో ఆటో ఎక్కడం ఎంత సుఖమో నాకు తెలుసు. ఆమె మాటలో లేని భయం, ముందు సీటు పిడిని పట్టుకున్న చేతిలో కనిపించింది.

ఇంట్లో సభ జరిగింది. ‘‘నువ్వు క్లచ్ మీద కాలు ఆన్చి నడుపుతావేమో’’ అన్నారు మావారు. ‘‘ఆ ఎత్తులో మూడో గేరెందుకమ్మా?’’ అన్నారు బాబాయి. వీధి చివరి మెకానిక్ బానెట్ ఎత్తకుండానే, ‘‘లేడీస్ నడిపే బండికి క్లచ్ తొందరగా పోతుంది మేడమ్. సెట్టు మార్చేద్దాం, తొమ్మిదిన్నర వేలవుతుంది’’ అన్నాడు. ఆదివారం మావారు నెక్లెస్ రోడ్డు మీద అరగంట తిప్పి తీసుకొచ్చారు. బండి బంగారంలా నడిచిందట. ఇక నా కేసు కొట్టేసినట్టే! కారు అమ్మేద్దామన్న మాట కూడా వచ్చింది. బాధ ఏమిటంటే... పదిమంది పదిసార్లు అంటే మన కాళ్ల మీద మనకే అనుమానం వస్తుంది. గేరు మార్చే ప్రతిసారీ కిందికి చూసుకోవడం మొదలుపెట్టాను.

జర్నలిజం డిప్లొమాలో మాకు మొదట నేర్పింది ఆరు ప్రశ్నలు. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా? ఊళ్లో జరిగే ప్రతి సంగతికీ వాటిని వేస్తాం. ఇంటి ముందున్న కారుకు ఎందుకు వేయకూడదు? ఒక చిన్న నోటు పుస్తకం కొని, డ్యాష్‌బోర్డు అరలో పెట్టాను.

మొదటి ప్రశ్న... ఏమిటి? ‘బండి లాగట్లేదు’ అనే మాటలో మూడు వేర్వేరు జబ్బులు దాక్కుంటాయి. క్లచ్ జారితే ఇంజన్ మోత పెరుగుతుంది, వేగం పెరగదు. సైకిలు చైను ఊడిపోయినప్పుడు పెడల్ గిర్రున తిరిగినట్టన్న మాట. తక్కువ వేగంలో పెద్ద గేరు వేస్తే బండంతా దడదడమని వణుకుతుంది. గేరు ఒకటి దించగానే ఆ వణుకు పోతుంది. ఇంజనే తటపటాయిస్తే మోతా పెరగదు, వేగమూ పెరగదు. పెడల్ కిందికి వెళ్తుంది, జవాబు మాత్రం రాదు. మెకానిక్కులు దీన్నే ‘మిస్సింగ్ కొడుతోంది’ అంటారు. నా కారుది ఈ మూడోదే. మూడో గేరు నుంచి రెండుకి దించినా పోలేదు.

క్లచ్ సంగతి తేల్చడానికి ఇంటి దగ్గరే ఒక పరీక్ష ఉంది. ముందు, వెనక ఎవరూ లేని చదునైన చోట కారు ఆపి, హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగాలి. ఇంజన్ స్టార్ట్ చేసి, కుడికాలు బ్రేకు మీద ఉంచి, నాలుగో గేరు వేసి, క్లచ్ మెల్లగా వదలాలి. క్లచ్ గట్టిగా ఉంటే ఇంజన్ ఠక్కున ఆగిపోతుంది. వదిలేసినా ఇంజన్ హాయిగా తిరుగుతూనే ఉందంటే క్లచ్ జారుతున్నట్టు. ఒకసారి చేస్తే చాలు, పదేపదే చేస్తే బాగున్న క్లచ్ కూడా అరుగుతుంది. నా కారు ఠక్కున ఆగింది. తొమ్మిదిన్నర వేలు అక్కడే మిగిలాయి.

తర్వాత ఎప్పుడు, ఎక్కడ? మూడు వారాల్లో పధ్నాలుగుసార్లు జరిగినట్టు పుస్తకంలో లెక్క తేలింది. అందులో పన్నెండు వాన పడ్డ రోజులే. మిగతా రెండూ, వాచ్‌మన్ పొద్దున్నే కారు కడిగిన రోజులు. ప్రతిసారీ ఎత్తు ఎక్కుతున్నప్పుడు, పెడల్ లోతుగా తొక్కినప్పుడే. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు ఒక్కసారి కూడా లేదు. నెక్లెస్ రోడ్డులో బంగారంలా ఎందుకు నడిచిందో అప్పుడు అర్థమైంది. అది ఎండకాసిన ఆదివారం, చదును రోడ్డు!

ఇక ఎవరు? ఇది నాకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. రాత్రంతా వాన కురిసిన ఒక పొద్దున మావారిని స్టీరింగు ముందు కూర్చోబెట్టాను. అదే దారి, అదే ఎత్తు, అదే గేరు. మనిషి ఒక్కరే మారారు. చెక్‌పోస్టు ఇంకా కనుచూపు దూరంలో ఉండగానే కారు ఊపిరి బిగబట్టింది, ఆనక దూకింది. వెనక నుంచి హారను. నేనేమీ అనలేదు. ‘ఎవరు’ అన్న గడిలో టిక్కు మాత్రం పెట్టాను. ‘‘ఇది క్లచ్ కాదు’’ అన్నారాయన, తనే కనిపెట్టినట్టు!

ఎందుకు? పెట్రోలు ఇంజన్‌కి కావాల్సినవి మూడు... గాలి, పెట్రోలు, నిప్పురవ్వ. ఒక గ్రాము పెట్రోలు సరిగ్గా మండడానికి సుమారు పధ్నాలుగున్నర గ్రాముల గాలి కావాలి. ఆ పాళ్లు తప్పినా, రవ్వ సమయానికి పడకపోయినా ఇంజన్ తడబడుతుంది. కాబట్టి వెతకాల్సిన చోట్లు మూడే. సులువైనది, చవకైనది ముందు చూడాలి. ఒకేసారి నాలుగు భాగాలు మార్చేస్తే బండి బాగుపడొచ్చుగానీ, రోగమేదో తెలియదు. ఒక మార్పు, ఒక పరీక్ష... అంతే.

గాలి ఫిల్టరు పెట్టె క్లిప్పులు తీస్తే చాలు, చేతికొస్తుంది. వెలుగుకి అడ్డంగా పట్టి చూశాను, అవతలి వెలుతురు కనిపించలేదు. రెండొందల యాభై పెట్టి కొత్తది వేశాను. బండి కాస్త తేలికపడింది, కానీ తర్వాతి వానకు మళ్లీ అదే వరస. రబ్బరు గొట్టాలు ఎక్కడైనా చిట్లి దొంగగాలి పీల్చుకుంటే సాధారణంగా ఆగి ఉన్నప్పుడే ఇంజన్ హెచ్చుతగ్గులుగా తిరుగుతుంది. నా కారు సిగ్నల్ దగ్గర నిలకడగానే ఉంది. పెట్రోలు ఫిల్టరు పూడుకున్నా, పంపు నీరసించినా ఎత్తు మీద తటపటాయిస్తుంది నిజమే. కానీ దానికి ఎండా వానా తేడా ఉండదు కదా! పొడిరోజుల్లో అదే ఎత్తు ఎక్కిన కారుకి పెట్రోలు అందలేదని ఎలా అనగలం? మిగిలింది రవ్వ. తడికీ కరెంటుకీ ఉన్న వైరం మనకు తెలియనిది కాదు.

ప్లగ్గు కొనల మధ్య ఖాళీ సుమారు ఒక మిల్లీమీటరు. దాన్ని దాటి రవ్వ దూకాలంటే వేల వోల్టులు కావాలి. ఆ వోల్టుల్ని మోసుకెళ్లేవే లావుపాటి ప్లగ్గు వైర్లు. పెడల్ లోతుగా తొక్కితే సిలిండర్లోకి గాలి, పెట్రోలు ఎక్కువగా వెళ్లి ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగే కొద్దీ రవ్వ దూకడం కష్టమై మరిన్ని వోల్టులు కావాల్సి వస్తాయి. అప్పుడు వైరు తొడుగులో ఎక్కడైనా పగులుంటే కరెంటు ప్లగ్గు దాకా వెళ్లే శ్రమ పడదు. పగుల్లోంచే పక్కనున్న ఇంజన్ ఇనుముకి దూకేస్తుంది. పంటకాలువ గట్టుకి గండి ఉంటే ఏమవుతుంది? కాలువలో నీళ్లు కొంచెమే ఉన్నప్పుడు చేనుకే పోతాయి. నిండుగా వదిలిననాడు గండిలోంచి పోతాయి. ఇదీ అంతే. తడి తగిలితే ఆ గండి ఇంకాస్త పెద్దదవుతుంది.

ఎలా రుజువు చేయాలి? దానికి కావాల్సింది చీకటి, ఇస్త్రీ బట్టల మీద నీళ్లు చల్లే స్ప్రే సీసా, తోడు ఒక మనిషి. మూసి ఉన్న సెల్లార్లో మాత్రం ఈ పని వద్దు. ఇంజన్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, ప్రాణం తీస్తుంది. అపార్ట్‌మెంట్ వెనక ఆరుబయట కారు పెట్టాం. రాత్రి తొమ్మిదిన్నర. లైట్లు ఆర్పించాను. చున్నీ తీసేసి, జుట్టు ముడేసుకున్నాను. తిరిగే బెల్టు, ఫ్యాను ఎవరినీ లెక్కచేయవు. మావారు న్యూట్రల్‌లో ఇంజన్ నడుపుతుంటే, వైర్లను ముట్టకుండా, దూరం నుంచే సన్నగా నీటి తుంపర కొట్టాను.

మొదటి వైరు, ఏమీ లేదు. రెండోదీ అంతే. మూడో వైరు మీద తుంపర పడగానే చిటచిటమని చప్పుడు. వైరు మొదట్లో సన్నటి నీలిరంగు దారం ఒకటి ఇనుము మీదకి పాకి మాయమైంది. మళ్లీ పాకింది. ఇంజన్ తడబడింది. పొద్దున ఎత్తు మీద ఎలా తడబడిందో అచ్చం అలాగే. నేను గట్టిగా అరిచేసరికి మూడో అంతస్తు కిటికీ తెరుచుకుంది. పండగనాటి కాకరపువ్వొత్తి చూసి కూడా నేనంతగా సంతోషించి ఉండను!

మర్నాడు ఇంజన్ ఆపి, చల్లారాక, పక్కింటి ఐటీఐ కుర్రాడి మల్టీమీటర్‌తో కొలిచాం. మూడు వైర్ల నిరోధం కొన్ని వేల ఓమ్‌లలో దగ్గర దగ్గరగా ఉంది. మూడో నంబరుది అమాంతం ఎక్కువ. ఒక వైరు తీశాక తిరిగి దాని చోట పెట్టాకే ఇంకోటి తీయాలి, వరస మారితే కొత్త రోగం తెచ్చుకున్నట్టే. పనిలో పనిగా ప్లగ్గులూ విప్పి చూశాం. మూడింటి కొనలు లేత గోధుమరంగులో ఉన్నాయి, అది ఆరోగ్యం. మూడో సిలిండర్‌ది మాత్రం నల్లగా మసిబారి ఉంది, పెట్రోలు సరిగ్గా మండలేదని సాక్ష్యం. వైర్ల సెట్టు పన్నెండొందలు, నాలుగు ప్లగ్గులు ఐదొందలు. అంతే ఖర్చు.

తర్వాతి వానకు చెక్‌పోస్టు ఎత్తు ఎక్కాను. పెడల్ తొక్కాను, బండి వెళ్లింది. చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు, అదే అందులోని గొప్ప. ఆ వారం ఆటో సంగతి అమ్మ ఎత్తలేదు. చెక్‌పోస్టు దాటాక ముందు సీటు పిడి మీద నుంచి చెయ్యి తీసి, బ్యాగులోంచి కళ్లజోడు వెతుక్కుంది.

ప్రతి కారుకీ ఇదే జబ్బు ఉంటుందని చెప్పడం లేదు. ఈమధ్య కార్లలో చాలావాటికి పొడవాటి ప్లగ్గు వైర్లే లేవు, ప్రతి ప్లగ్గు మీదా విడిగా కాయిల్ కూర్చుంటుంది. స్టీరింగు కింద ఉండే సాకెట్‌కి చిన్న స్కానర్ తగిలిస్తే సెల్‌ఫోన్‌లోనే తప్పు కోడ్ చదవొచ్చు. అయితే కోడ్ ఒక ఆచూకీ మాత్రమే. ‘మూడో సిలిండర్ మండట్లేదు’ అంటుందిగానీ ఎందుకో చెప్పదు. 2025 నాటికి మన పెట్రోల్లో ఇథనాల్ ఇరవై శాతానికి చేరింది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. కాబట్టి పాత కారుని నెలల తరబడి కదపకుండా ఉంచి తీస్తే, పెట్రోలు వైపూ ఓ కన్నేయాలి. ఇంజన్ లైటు ఆగి ఆగి మిణుకుతున్నా, పెట్రోలు వాసన గుప్పున కొడుతున్నా ఇంటి పరీక్షలు కట్టిపెట్టి మెకానిక్‌కి చూపించడమే మేలు. కాకపోతే పుస్తకం పట్టుకెళ్లండి. ‘బండి బాగాలేదు’ అనే మాటకీ, ‘వాన రోజుల్లో, ఎత్తు మీద, పధ్నాలుగుసార్లు’ అనే మాటకీ బిల్లులో వేల రూపాయల తేడా ఉంటుంది.

ఆ కారుని మరో నాలుగేళ్లు నడిపి 2023లో ఇచ్చేశాం. నోటు పుస్తకం మాత్రం ఇవ్వలేదు. మొన్నామధ్య పై అంతస్తులో ఉండే ఆవిడ డ్రైవింగ్ నేర్చుకుంటూ, ‘‘బండి కుదుపులిస్తోందండీ, మా వారేమో నాకు క్లచ్ రాదంటున్నారు’’ అని వాపోయారు. తప్పు ఆవిడ కాలిదో, కారుదో నాకు తెలియదు. అదే చెప్పాను. పుస్తకంలో మిగిలిన తెల్లకాగితాలు, స్ప్రే సీసా ఆవిడ చేతికిచ్చి, ‘‘ముందు రాసుకోండి. తీర్పు తర్వాత’’ అన్నాను.