ముంతలో ఆశ్చర్యార్థకం

సంక్రాంతికి అనంతపురం వెళ్ళి వచ్చిన మర్నాడు పొద్దున కారు స్టార్ట్ చేయగానే డ్యాష్‌బోర్డు మీద పసుప్పచ్చగా ఓ బొమ్మ వెలిగింది. మూతి తెరిచిన ముంత, దాని అడుగున చిన్న చిన్న పళ్ళు, లోపల ఆశ్చర్యార్థకం. అది ముంత కాదట, అడ్డంగా కోసిన టైరట. గీసినవాడికి టైరులాగే కనిపించి ఉంటుంది. మా ఆవిడకు మాత్రం పొంగుతున్న పాలగిన్నెలా ఉంది.

మా బావమరిది మారతహళ్ళిలో ఉంటాడు, సాఫ్ట్‌వేరు. ఫోన్ చేశాను. "బావా, అది సెన్సర్ ప్రాబ్లం. స్టీరింగ్ కింద సెట్ బటన్ ఉంటుంది, కాసేపు నొక్కి పట్టుకో" అన్నాడు. పట్టుకున్నాను. దీపం ఆరింది. సంగతి అంతటితో గాలికి వదిలేసి నాలుగు రోజులు నిశ్చింతగా తిరిగాను. ఐదోరోజు సాయంత్రం ఔటర్ రింగ్ రోడ్డు మీద ముంత మళ్ళీ ప్రత్యక్షం.

మర్నాడు ఏడింటికే వీధి చివర పంక్చరు షాపుకు వెళ్ళాను. బెంగళూరులో చాలా పంక్చరు షాపుల్లాగే ఇదీ ఓ మలయాళీ అబ్బాయిది. కన్నడంలో మొదలుపెట్టి, నా కన్నడం విని, జాలిపడి తెలుగులోకి వచ్చాడు. గాళి అన్నా గాలి అన్నా అతనికి ఒకటే. గేజి పెట్టి చదివాడు: వెనక ఎడమది 19 పీఎస్‌ఐ. తక్కిన మూడూ 28, 28, 29.

"పెనుకొండ దగ్గర బంకులో నాలుగింటికీ 33 కొట్టించానయ్యా!"

"బండి ఆపగానే కొట్టించారా సార్?"

ఆపగానే. అనంతపురం నుంచి గంటకు పైగా నడిపాక, మిట్టమధ్యాహ్నం. హైవే మీద అంతసేపు దొర్లిన టైరును తాకితే చెయ్యి చుర్రుమంటుంది. లోపలి గాలి యాభై, అరవై డిగ్రీల దాకా పోతుంది. అప్పుడు 33 చూపిన గాలే బెంగళూరు జనవరి తెల్లవారుజామున పదిహేడు డిగ్రీలకు చల్లారితే 28 చూపిస్తుంది. ఎక్కడికీ పోలేదు, ముడుచుకుంది, అంతే. డ్రైవరు తలుపు తీస్తే పక్కన స్టిక్కర్ మీద ఉండే అంకె చల్లటి టైరుకు ఇచ్చినది, అంటే మూడు గంటలైనా కదలకుండా ఉన్న బండికి. ఆ స్టిక్కర్‌ను నేను ఆరేళ్ళుగా చూస్తున్నాను, చదవలేదు. నైట్రోజన్ కొట్టిస్తే ఈ బాధ ఉండదని కొన్ని బంకుల్లో చెబుతారు. మామూలు గాలిలో నూటికి 78 వంతులు నైట్రోజనే. చల్లారితే అదీ ముడుచుకుంటుంది.

సరే, ఆ మూడింటి గురించి దీపం ఒక్క ముక్కా చెప్పలేదేం? నా కారు చక్రాల్లో గాలి కొలిచేదేదీ లేదని అప్పుడు తెలిసింది. ఏబీఎస్ కోసం చక్రాల వేగం లెక్కపెట్టే సెన్సర్లతోనే పని జరిపిస్తారు. గాలి తగ్గిన టైరు రవ్వంత కుంగి, తోటివాటికన్నా ఎక్కువ చుట్లు తిరుగుతుంది. కంప్యూటరు ఆ తేడాను పట్టుకుంటుంది. నాలుగూ కలిసికట్టుగా దిగితే తేడా ఎక్కడిది? ఇక ఆ బటన్ నొక్కడమంటే, ఇప్పుడున్నదే సరైన గాలి, దీన్నే గుర్తుంచుకో అని కంప్యూటరుకు చెప్పడం. నూట రెండు జ్వరంలో థర్మామీటరు మీద ఆ చోటే గీత గీసి ఇది మామూలు అని రాసుకున్నట్టు చేశాన్నేను.

ఖరీదైన పద్ధతి ఇంకోటుంది. ఒక్కో చక్రంలో ఒక్కో సెన్సరు కూర్చుని, కొలిచిన అంకెను రేడియోలో పంపుతుంది. దాని బ్యాటరీ ఐదేళ్ళో పదేళ్ళో వస్తుంది. స్టార్ట్ చేయగానే దీపం నిమిషంపాటు మిణుకుమిణుకుమని ఆపైన నిలకడగా వెలిగితే జబ్బు టైరుది కాదు, ఆ ఏర్పాటుది. మా బావమరిది మాట నిజమయ్యేది అలాంటప్పుడే.

అమెరికాలో ఈ దీపం వెనక చావులున్నాయి. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు వేసిన ఫైర్‌స్టోన్ టైర్ల పైపొర ఊడిపోయి, బండ్లు పల్టీకొట్టి రెండు వందల మందికి పైగా పోయారు. 2000లో చట్టం వచ్చింది. 2007 సెప్టెంబరు నుంచి అక్కడ ప్రతి కొత్త కారుకూ ఈ హెచ్చరిక తప్పనిసరి. అయితే ఆ నియమం ప్రకారం గాలి పావువంతు తగ్గాక దీపం వెలిగితే చాలు. అంటే 33 ఉండాల్సిన చోట దాదాపు 25కు దిగేదాకా అది నోరు విప్పకపోయినా తప్పు లేదు. ఇంటి ముందు చల్లటి టైరుకు పెట్టుకునే చేతి గేజి దీనికన్నా నమ్మకస్తురాలని నా అభిప్రాయం. మర్నాడే ఒకటి కొన్నాను.

ఆ పొద్దున షాపులో కుర్రాడు సబ్బునీళ్ళు పోస్తే వెనక ఎడమ టైరు మీద బుడగలు లేచాయి. అంగుళం పొడవు మేకు. ఔటర్ రింగ్ రోడ్డు మేకులకు చరిత్ర ఉంది. పదేళ్ళ కిందట బెనెడిక్ట్ జెబకుమార్ అనే ఇంజనీరు ఆఫీసుకు వస్తూ పోతూ అయస్కాంతం కర్రతో ఆ దారిలో ఏరినవే ముప్పై కిలోలు దాటాయి. చల్లేది పంక్చరు షాపుల వాళ్ళేనని ఊళ్ళో అనుమానం. మేకును నా చేతిలో పెడుతూ "నాది కాదు సార్" అన్నాడు కుర్రాడు, నేనేమీ అడగకముందే.

గాలి కొలిచే ఏర్పాటు, పంక్చరు కిట్టు ఉన్న ట్యూబ్‌లెస్ కార్లకు స్టెప్నీ లేకపోయినా ఫర్వాలేదని మన కేంద్రం 2020లో నిబంధన మార్చింది. నా బండికి స్టెప్నీ ఉంది. అది రోడ్డు మీద తిరగదు కాబట్టి దీపానికి దాని సంగతి పట్టదు. ఎందుకైనా మంచిదని అదీ చూడమన్నాను. డిక్కీలో తల దూర్చి, గేజి పెట్టి, చదివి చెప్పాడు.

పదకొండు.