తుమ్మెదకో పూలగట్టు

మార్గశిర మాసపు పొద్దుటెండ. నరసరావుపేట నుంచి పిడుగురాళ్ల, గురజాల మీదుగా మాచర్ల దారి పడితే అటూ ఇటూ పల్నాటి రంగులే. విచ్చిన పత్తి తెలుపు, మిరపచేల పచ్చదనం, పూతకొచ్చిన కంది పసుపు... ఆ పసుపు మీద ఝుమ్మంటూ వాలుతోంది నల్లటి తుమ్మెద!

పాటల్లో, పద్యాల్లో మనకు బాగా తెలిసిన తుమ్మెదకు పొలంలోనూ పెద్ద పనే ఉంది. వంగ, టమాటా పూలలో పుప్పొడి చిన్న గొట్టాల్లాంటి కేసరాల్లో దాగి ఉంటుంది. తుమ్మెద పువ్వును పట్టుకుని ఒళ్లంతా అదిరించిందంటే చాలు, జల్లెడలోంచి పిండిలా రాలిపడుతుంది. తేనెటీగకు చేతకాని విద్య ఇది! చలిదేశాల్లో ఈ పని బంబుల్‌బీలది. 1987లోనే బెల్జియంలో వాటిని పెంచి టమాటా రైతులకు అమ్మడం మొదలైంది. మనదేశంలో అవి హిమాలయాల్లాంటి చల్లటి కొండల్లో ఉంటాయి. పల్నాటి ఎండల్లో ఆ కొలువు తుమ్మెదదే.

అయితే దానికి రెండు కష్టాలు. ఒకటి పురుగుమందు. 2021-22లో నల్లతామర పురుగు మిరపతోటల్ని ఊడ్చేసినప్పుడు దిక్కుతోచని రైతులు మందు మీద మందు కొట్టారు. మందుకు మంచి పురుగు, చెడ్డ పురుగు అన్న తేడా ఉండదు కదా! రెండోది ఆకలి. పత్తి, మిరప పనులు ముగిశాక మెట్టచేలు బోసిపోతాయి. ఎండాకాలంలో పువ్వు దొరకడమే గగనం.

మందు ఎక్కడుందంటే... మన విత్తనాల బుట్టలోనే. పచ్చిరొట్టగా చల్లే జనుము పూలంటే తుమ్మెదకు ప్రాణం. జనుము గింజ కట్టాలన్నా ఇలాంటి పెద్ద ఈగలు వాలాల్సిందే. కానీ పూత మొదలవగానే పైరును కలియదున్నేస్తారు. గట్టువెంట రెండు సాళ్లు వదిలేస్తే నేలకు బలం, తుమ్మెదకు తిండి. రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయంలో తొలకరికి ముందే నవధాన్యాలు చల్లించడం కూడా ఇందుకు కలిసొచ్చేదే. పత్తిచేలో అక్కడక్కడా బంతి వేస్తే పచ్చపురుగు దాని మీదికే పోతుంది, తుమ్మెదకూ పూలు దొరుకుతాయి. మందు తప్పనిసరైతే ఈగలు గూటికి చేరాక, పొద్దు వాలిన తర్వాత కొట్టడం మేలు.

ఇంకొక్క మాట. గొడ్లచావిడి వెదురు వాసంలో గుండ్రటి రంధ్రం కనిపిస్తే మట్టితో మూసేయకండి. పిల్లల కోసం పుప్పొడి ముద్దలు దాచుకున్న తుమ్మెద ఇల్లు అది!