విడిచిన గడప

గృహమే స్త్రీకి సర్వస్వమని పెద్దలందురు. ఆ గృహమును క్షణములో విడిచి పొమ్మన్నచో మనమేమి చేయుదుము? సోదరీమణులారా, ఇది కట్టుకథ గాదు. మన విశాఖపట్టణమున జరిగిన సంగతియే.

2020 మే 7వ తేదీ తెల్లవారుజామున 3 గంటల వేళ, గోపాలపట్నము చెంతనున్న ఆర్. ఆర్. వేంకటాపురములో ఒక కర్మాగారపు తొట్టినుండి స్టైరీను ఆవిరి వెలువడెను. ప్లాస్టిక్కు చేయుటకు వాడెడి యీ ద్రవమును చల్లగా నుంచవలెను. కోవిడు కాలమున కర్మాగారము మూతపడియుండగా తొట్టిలో వేడి హెచ్చెను. వేడి హెచ్చినకొలది ద్రవము తనంతట తానే చిక్కబడుచు మఱింత వేడిని పుట్టించెను. చూచువారులేని పొయ్యిమీది పాలవలె పొంగినదనుకొనుడు. 12 మంది మరణించిరి; వందలకొలది జనులు ఆసుపత్రుల పాలైరి; పశువులు కట్టుకొయ్యలయొద్దనే కూలెను. చుట్టుప్రక్కల యూళ్లు ఖాళీయయ్యెను. అపాయమును దెలుపు కూత మ్రోగలేదని ప్రభుత్వ విచారణసంఘము తరువాత తేల్చినది.

ఆ ప్రాంతమున కాపురమున్న మా బంధువురాలొకతె యిట్లు చెప్పినది: "చంటిదానిని చంకనెత్తుకొని, అత్తగారి చేయిపట్టుకొని చీకటిలో పరుగెత్తితిని. తలుపు వేసితినో లేదో నేటికిని జ్ఞప్తిలేదు, వదినా!" కొలది దినములకు తిరిగివచ్చునప్పటికి పెరటిలో బీరతీగ పచ్చగానే యున్నదట. కాని అచ్చటి కూరలు, పండ్లు తినరాదని నిపుణులు చెప్పిరి. తన చేత నీరుపోసి పెంచిన తీగను తానే నమ్మలేకపోవుటకంటె ఇల్లాలికి దుఃఖమేమున్నది?

జపానులో ఫుటాబా యను పట్టణము వారికి ఈపాటి తిరిగిరాకయు లభింపలేదు. 2011 మార్చి 11వ తేదీని భూకంపము, సముద్రపుటుప్పెన వచ్చి ఫుకుషిమా అణువిద్యుత్కేంద్రము చెడగా, ఊరంతయు కదలిపోయెను. నాలుగుదినములలో వత్తుమనుకొన్నవారు పలువురు. ఆ యూరిలో కొంతభాగమున మరల కాపురముండుటకు 2022 ఆగష్టులోగాని అనుమతి రాలేదు.

మాది ఎస్. రాయవరము, గురజాడ అప్పారావుగారు పుట్టిన యూరు. ఒకవైపు అచ్యుతాపురము, ఒకవైపు నక్కపల్లి. రెండుచోట్లను రసాయన, ఔషధ కర్మాగారములు కలవు. వానివలన మా పిల్లలకు జీతములు దొరకుచున్నవి గనుక వానిని తిట్టుట మా యుద్దేశము గాదు. కాని అర్ధరాత్రి పిల్లలను లేపి, ముసలివారిని నడిపించునది మనమే గదా! కావున గ్రామసభలో మనమే అడుగవలెను: ఏ తొట్టిలో నేమున్నది? అపాయమైనచో కూత వినబడునా? ఏ దారిని పోవలెను? స్టైరీను ఆవిరి గాలికంటె బరువైనది, పల్లమున నిలుచును. గాలి మోసికొనివచ్చు దారికి అడ్డముగా తొలగి, మెరకకు పోవలెనని పిల్లలకు నేర్పవలెను.

చీకటిలోనైనను ఉప్పు జాడీ యెక్కడనున్నదో చెప్పగల మనము, పొలిమేరలోని తొట్టియందేమున్నదో యెఱుగకుండుట తగునా?