కుర్చీలోనే కసరత్తు

కసరత్తు అనగానే మనవారికి దండీలు, బస్కీలు జ్ఞాపకం వస్తాయి. లేచి నిలబడలేనివారికి కసరత్తేమిటని నవ్వేవారూ వున్నారు. మా కోలారు బంగారు గనులలో యిది నవ్వి వదిలేసే సంగతి కాదు. 1880లో జాన్ టేలర్ కంపెనీ చేపట్టిన గనులు 2001లో మూతపడ్డాయి. పిల్లలు పనులకోసం రైలెక్కి బెంగుళూరు పోతున్నారు. ఛాంపియన్ రీఫ్‌లో మూడు కిలోమీటర్ల లోతుకు దిగినవారిలో రాతిదుమ్ము పీల్చి వూపిరితిత్తులు చెడినవారు వున్నారు.

మేము పోయివచ్చే వృద్ధాశ్రమంలో చక్రాల కుర్చీలవారిని ప్రొద్దున కిటికీ దగ్గర వుంచితే మళ్లీ అన్నం వేళకే కదిలించేవారు. పడిపోతారేమోనని భయం, అంతే. కాని కదలని చేయి బలం పోగొట్టుకుంటుంది. అప్పుడు మంచం మీదికి మారడానికి, మరుగుదొడ్డికి పోవడానికి మరొకరికోసం కాచుకోవాలి. పెద్దవారికి ముద్ద దిగనీయని దిగులు అదే.

ఫిజియోథెరపీ తెలిసినవారు నేర్పింది సులువైనదే. ముందు కుర్చీ బ్రేకులు బిగించాలి. పాదాలు ఆనాలి. భుజాలు త్రిప్పడం, చేతులు చాచి లాక్కోవడం, మడమలు ఎత్తి దించడం, ఒక్కొక్కటి ఎనిమిది, పది సార్లు. వూపిరి బిగబట్టరాదు. మాట్లాడుతూ చేయగలిగితే సరి. రొమ్మునొప్పి గాని, కళ్లు తిరగడం గాని వస్తే మాని డాక్టరుకు చెప్పాలి.

ములుబాగలు వైపు అవ్వ ఒకామె భుజాలు త్రిప్పమంటే బొమ్మలా కూర్చున్నది. “అవ్వా, రాగులు విసురు” అన్నాము. రెండు చేతులూ విసుర్రాయి పిడి పట్టినట్లు తిరిగాయి. “గింజలు పొయ్యరేమ్మే?” అని మమ్మల్నే కసిరింది!

గనిలో పనిచేసిన పెద్దాయన “ఏమమ్మా, యీ పిల్లలాట?” అని మొహం త్రిప్పుకొన్నారు. ఆయనకు ఆయాసం. చేతులు ఎత్తమనలేదు, పెదవులు ముడిచి, దీపం ఆరకుండా వూదినట్లు మెల్లగా గాలి వదలమన్నాము. జబ్బు దీనితో నయం కాదు, ఆయాసం కొంత అదుపులో వుంటుంది. రెండవ వారం ఆయనే ముందుగా బ్రేకులు బిగించుకొన్నారు.

65 దాటినవారికి వారానికి కనీసం మూడు రోజులు బలం, నిలకడ పెంచే కసరత్తు వుండాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో సూచించింది. మేము నెలకొకసారి పోతే ఏమి లాభం? అందుకే ఆశ్రమంలోని ఆయాకు నేర్పాము. కాఫీకి ముందు ఆమే చేయిస్తున్నది. రెండు కుర్చీలకు బ్రేకులు సరిగా పట్టడంలేదు. సైకిలు షాపు అబ్బాయి శనివారం వస్తానన్నాడు.